అనంతపురం పెరట్లో నాటు అలసంద: విత్తు నుంచి విత్తు దాకా

కోస్తావారు బొబ్బర్లనే అలసందలు అనంతపురం జిల్లా మెట్ట చేలలో వేరుసెనగ సాళ్ల మధ్యా, జొన్న కంకుల కిందా తరతరాలుగా పండుతున్నాయి. అయినా వాటిని ఇంటి పెరట్లో వేసుకున్నవారి నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. తీగ గుబురుగా అల్లుకుంటుంది, ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, కాయ మాత్రం రాదు. ఇందుకు ఎరువు ఎక్కువ కావడమో, నీళ్లు ఎక్కువ కావడమో, కాలం కాని కాలంలో విత్తడమో కారణమై ఉంటుంది. వీటిలో మొదటి రెండింటినీ పంట మధ్యలో కొంతవరకు సరిదిద్దుకోవచ్చు కాని, విత్తిన తేదీని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. కాబట్టి ఈ పంటలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది కార్తె అని నా అభిప్రాయం.

అలసంద పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడి నుంచి వేల సంవత్సరాల కిందటే మన దేశానికి చేరింది. ఆ తరువాతి శతాబ్దాలలో బానిసలుగా తరలించిన ఆఫ్రికన్లతో పాటు అమెరికా దక్షిణ రాష్ట్రాలకు కూడా వెళ్లి, అక్కడ ప్రతి ఊరికీ ఒక సొంత రకం అన్నంతగా నాటుకుపోయింది. పత్తి పండించి పండించి సారం ఉడిగిన నేలలకు దీనిని వేయమని అక్కడి టస్కీగీ విద్యాసంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అక్కడి పేద రైతులకు పదేపదే చెప్పాడు. ఎండను ఓర్చుకోవడం, నేలకు నత్రజనిని అందించడం ఈ మొక్కకు పుట్టుకతో వచ్చిన గుణాలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే అనంతపురానికి ఇంతకన్నా తగిన పప్పు పంటను వెతకడం కష్టం.

విత్తనం ఎక్కడ తెచ్చుకోవాలి

కిరాణా కొట్టులో కిలోల లెక్కన అమ్మే అలసందలు మొలవవని కాదు, చాలావరకు మొలుస్తాయి. అయితే అవి ఎన్ని ఊళ్ల గింజలు కలిసిన సరుకో, తీగ రకమో పొద రకమో, ఏ కాలంలో పూస్తాయో చెప్పగలిగినవారు అక్కడ ఉండరు. నాటు విత్తనం కావాలంటే ఏటా తమ చేనిలో వేసి, తమ కుండలోనే దాచుకునే ఇంటికి వెళ్లి అడగడం మేలు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో అటువంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. తెల్ల గింజకు నల్ల కన్ను ఉన్నది, ఇటుక రంగుది, నల్లనిది, పిట్టగుడ్డులా చుక్కలున్నది అని గింజను బట్టి రకాలను గుర్తుపడతారు. విత్తనం పుచ్చుకునేటప్పుడు అది తీగా పొదా, పచ్చికాయ కోసమా ఎండు గింజ కోసమా, ఏ కార్తెలో వేస్తారు అన్న సంగతులు తప్పక అడిగి రాసుకోవాలి. ఈ విషయంలో విత్తనమిచ్చే అవ్వ చెప్పిన కార్తె, ప్యాకెట్ల మీద అచ్చు వేసే నెలకన్నా ఎక్కువ నమ్మదగినది, ఎందుకంటే ఆమె చెప్పేది ఆ ఒక్క రకం గురించి, ఆ ఒక్క నేల గురించి.

ఇలా ఒకరి దగ్గర ఒకరు విత్తనం పుచ్చుకోవడానికి చట్టపరమైన అడ్డేమీ లేదు. తాము పండించిన విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతులకు స్పష్టంగా ఇచ్చింది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరు వేసి అమ్మడం మాత్రమే ఆ హక్కు పరిధిలోకి రాదు.

తెచ్చిన గింజలలో 20 ఏరి, తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా చూసుకుంటే నాలుగైదు రోజుల్లో ఎన్ని మొలిచిందీ తెలుస్తుంది. 16 కన్నా తక్కువ మొలిస్తే కాస్త ఒత్తుగా విత్తుకోవాలి. సగం కూడా మొలవని విత్తనాన్ని నమ్ముకుని మడి సిద్ధం చేయడం దండగ.

కార్తెను బట్టి విత్తడం

నాటు తీగ రకాలలో చాలా వాటికి పగటి పొడవుతో పట్టింపు ఉంటుంది. పగలు తగ్గుముఖం పట్టి, రాత్రి పెరుగుతున్నదని మొక్క గ్రహించిన తరువాతే పూత మొదలవుతుంది. అనంతపురంలో జూన్ నెలాఖరున పగలు దాదాపు 13 గంటలు ఉంటుంది, డిసెంబరుకు 11 గంటల పైచిలుకుకు దిగుతుంది. తొలకరి పడిందన్న ఉత్సాహంతో అటువంటి రకాన్ని మృగశిరలో, అంటే జూన్ రెండో వారంలో విత్తితే, అది పూయడానికి తగిన రోజులు వచ్చేదాకా ఆకూ తీగా వేసుకుంటూ కూర్చుంటుంది. అదే విత్తనాన్ని జూలై 20 ప్రాంతంలో వచ్చే పుష్యమి మొదలుకొని ఆగస్టు చివరి దాకా ఉండే మఖ కార్తె లోపల విత్తితే, తీగ అదుపులో ఉండగానే పూతకు వస్తుంది.

ఎండు గింజ కోసం పెంచేవారు ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. మన జిల్లాలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో, ఆ తరువాత అక్టోబరులో. కాయ ఎండే దశలో ముసురు పట్టిందంటే గింజ కాయలోనే బూజు పట్టడమో మొలకెత్తడమో జరుగుతుంది. మఖలో విత్తిన తీగ అక్టోబరులో పూసి, వానలు వెనకపట్టిన నవంబరు, డిసెంబరు నెలల్లో కాయ ఎండబెట్టుకుంటుంది. పచ్చికాయ కూరకే వేసుకునేవారికి ఈ చింత లేదు. పగటి పొడవుతో పనిలేని పొద రకాలనూ, పూస కోమల్ వంటి మెరుగుపరచిన రకాలనూ వారు జూన్‌లోనే వేసుకుని ఆగస్టు నాటికి కాయ కోసుకోవచ్చు. బోరు నీళ్లున్నవారు జనవరి చివర కూడా విత్తుతారు కాని, ఏప్రిల్ వచ్చి రాత్రులు కూడా వేడెక్కిన తరువాత పూత పూసినట్టే పూసి రాలిపోతుంది. ఎంత నీళ్లు పెట్టినా అది నిలవదు.

నేల, మడి, విత్తే పద్ధతి

అనంతపురం ఎర్ర నేల అలసందకు సరిగ్గా సరిపోతుంది. దానికి ఉన్న చిక్కల్లా ఒక్కటే. గట్టి వాన కురిసి వెంటనే ఎండ కాస్తే పైన పలచని గట్టి పొర కడుతుంది. అలసంద మొలక తన బీజదళాలను వీపున మోసుకుంటూ కొక్కెంలా వంగి పైకి వస్తుంది కనుక, ఆ పొర కింద మెడ విరిగి చనిపోతుంది. విత్తిన మూడో రోజో నాలుగో రోజో నేల మీద వెంట్రుకవాసి పగుళ్లు కనిపించి మొలక మాత్రం పైకి రాకపోతే, సాయంత్రం పూట రోజ్ క్యాన్‌తో పలచగా నీళ్లు చిలకరించి పొరను మెత్తబరచాలి, లేదా పుల్లతో మెల్లగా చిదపాలి. విత్తగానే సాలు మీద కాస్త ఇసుకో, పొడి ఎరువో చల్లి ఉంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. నల్లరేగడి ఉన్న పెరట్లలో సమస్య వేరు. అక్కడ నీరు నిలిచి వేరు కుళ్లుతుంది కాబట్టి బోదెలు ఎత్తి బోదె మీద విత్తాలి.

చదరపు మీటరుకు ఒకటిన్నర కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, దానితో పాటు 30 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చాలు. యూరియా ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. నేలలో నత్రజని పుష్కలంగా దొరికితే అలసంద తన వేళ్లలో నత్రజనిని అందించే బాక్టీరియాను పోషించే పని మానుకుని ఆకు పెంచుతుంది. ఆ బాక్టీరియా పని చేస్తున్నదో లేదో చూడాలంటే, విత్తిన నెలా పది రోజులకు ఒక మొక్కను తవ్వి తీసి, వేళ్లను నీళ్లలో కడిగి, వేళ్ల మీది బుడిపెలలో ఒకదానిని గోటితో చీల్చాలి. లోపల రక్తపు చుక్క కలిసినట్టు గులాబీ రంగు కనిపిస్తే పని బాగా సాగుతున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే బుడిపె ఉన్నా లాభం లేదు. వేరుసెనగ వేళ్లలో ఉండే జాతి బాక్టీరియాయే అలసందకూ పనికివస్తుంది కనుక, ఎప్పుడో ఒకప్పుడు వేరుసెనగ పండిన నేలలో కల్చరు ప్యాకెట్ల అవసరం దాదాపుగా రాదు. కొత్తగా మేడ మీద కుండీలలో పెంచేవారు ఆరోగ్యంగా పండిన వేరుసెనగ చేని నుంచి గుప్పెడు మట్టి తెచ్చి కలుపుకుంటే సరిపోతుంది. మొదలు కుళ్లు తెగులు వచ్చిన చేని మట్టిని మాత్రం ఇంటికి తేకూడదు.

గింజను నానబెట్టకుండానే వేలి తొలి కణుపు లోతున, అంటే రెండున్నర, మూడు సెంటీమీటర్ల లోతున విత్తాలి. రాత్రంతా నీళ్లలో ఉన్న అలసంద గింజ గబగబా నీరు పీల్చి పగులుతుంది, తడి నేలలో పడగానే కుళ్లుతుంది. పొద రకాలకు సాలుకూ సాలుకూ మధ్య 45 సెంటీమీటర్లు, సాలులో మొక్కకూ మొక్కకూ 15 సెంటీమీటర్లు ఉంచాలి. తీగ రకాలకు ఈ దూరాలు 75, 30 సెంటీమీటర్లు. దీనికి లోతుగా దిగే తల్లివేరు ఉంటుంది కాబట్టి నారు పోసి నాటే పద్ధతి పనికిరాదు, విత్తిన చోటనే పెరగాలి. మొలక వచ్చిన మొదటి పది రోజులు నెమళ్లు, ఉడుతలు ఉన్న చోట సాలు మీద కంప పరిచి ఉంచడం తప్పనిసరి. రెండు మూడు ఆకులు వేసిన తరువాత అవి అంతగా జోలికి రావు.

పాకడానికి ఆధారంగా ఎండిన కందికట్టె కన్నా మంచిది లేదు. కొమ్మలతో సహా పాతితే తీగ తనంతట తానే అల్లుకుంటుంది, నైలాను తాడులా ఎండకు వేడెక్కి లేత కొనను కాల్చదు. జొన్నో సజ్జో నాలుగు సాళ్లు ముందే వేసి, వాటి మొదట్లో అలసంద విత్తే మెట్ట చేని పద్ధతిని పెరట్లోనూ పాటించవచ్చు.

నీళ్లు

మొలిచిన తరువాత మూడు వారాల దాకా నేల పూర్తిగా ఎండిపోతే తప్ప నీళ్లు పెట్టనవసరం లేదు. ఆ దశలో కొంత దాహం తెలిసిన మొక్కే వేరును లోతుకు దింపుతుంది. మధ్యాహ్నం పూట ఆకులు ఎండకు అంచు తిప్పుకుని నిలువుగా నిలబడటం చూసి కంగారుపడి పైపు పట్టుకోకూడదు. అది వేడి తగలకుండా మొక్క చేసుకునే ఏర్పాటు, పొద్దువాలగానే ఆకు మళ్లీ పరుచుకుంటుంది. పొద్దున్నే ఆకు వాడి కనిపిస్తేనే నీటి అవసరం ఉన్నట్టు. పూత పట్టినప్పటి నుంచి గింజ నిండేదాకా మాత్రం పొదుపు పనికిరాదు. వారం రోజులు వాన లేకపోతే మొదట్లో బాగా తడిసేలా ఒకసారి నీళ్లివ్వాలి. కుండీలలో అయితే 15 అంగుళాల లోతు ఉన్నవే ఎంచుకుని, పూత దశలో రోజు విడిచి రోజు చూసుకోవాలి.

పురుగులూ తెగుళ్లూ

అలసంద పూకాడల మీద, పూలకు వెలుపల, సన్నని తేనె గ్రంథులు ఉంటాయి. వాటి కోసం చీమలు బారులు తీరుతాయి. చీమలు కనిపించగానే మందు చల్లడం పొరపాటు, ఎందుకంటే తేనె కోసం వచ్చిన చీమ దారిలో కనబడిన చిన్న పురుగులను కూడా ఏరుకుపోతుంది. అయితే అదే చీమలు లేత కొనల చుట్టూ గుంపుగా తిరుగుతుంటే ఆకు తిప్పి చూడాలి. అక్కడ నల్లగా మిలమిలలాడే పేనుబంక కుదురుకుని ఉంటుంది. చీమలు దాన్ని కాపు కాసి, అది విసర్జించే తీపి జిగురును తాగుతాయి. పేనుబంక రసం పీల్చడం ఒక నష్టమైతే, మొజాయిక్ వైరస్‌ను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసుకుపోవడం అంతకన్నా పెద్ద నష్టం.

తొలిదశలో పట్టుకుంటే దీనికి మందే అక్కరలేదు. బాగా పట్టిన కొనలను తుంచి సబ్బు నీళ్లలో వేయాలి, మిగిలినవాటిని నీటి ధారతో కొట్టి రాల్చాలి. పొద్దున మంచు తడి ఉండగా పొయ్యి బూడిద దులపడం మన పల్లెల పాత పద్ధతి, చిన్న మడికి అది చాలు. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి చిటికెడు సబ్బుపొడి వేసి సాయంత్రం పిచికారీ చేయాలి. అంతకుముందు అక్షింతల పురుగులు ఎన్ని ఉన్నాయో చూడటం మంచిది. అవీ, మొసలిని పోలిన నల్లటి వాటి పిల్లలూ కొనకొకటి కనిపిస్తుంటే ఇంకో మూడు నాలుగు రోజులు ఆగవచ్చు.

పూత దశలో వచ్చే మారుకా పురుగు ఇంతకన్నా మొండిది. మొగ్గలను, పూలను, లేత కాయలను దారాలతో కలిపి గూడు కట్టి లోపల తింటుంది కనుక మందు దానికి తగలదు. గూళ్లు కట్టిన పూగుత్తులను చేత్తో ఏరి నాశనం చేయడమే పెరటి సాగులో నమ్మకమైన మార్గం. పొద్దున్నే ఒకసారి మడి చుట్టి వచ్చేవారికి అది పెద్ద పని కాదు. మరీ ఎక్కువగా ఉంటే బాసిల్లస్ తురింజెన్సిస్ అనే, పురుగులను చంపే బాక్టీరియా పొడిని డబ్బా మీద సూచించిన మోతాదులో, పొద్దుగూకే వేళ చల్లాలి. ఆకు మీద లేత పసుపు, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలగలిసి, ముడుచుకుపోయిన మొక్క కనబడితే వెంటనే పీకేయాలి. దానికి కారణమైన మొజాయిక్ వైరస్‌లలో కొన్ని గింజ ద్వారా మరుసటి ఏడాదికి కూడా వస్తాయి.

కోత

పచ్చికాయ కూరకు గింజ ఉబ్బు బయటికి తెలియక ముందే, విరిస్తే నార లేకుండా టక్కున విరిగే దశలో కోయాలి. కోసేటప్పుడు కాయను లాగి పూకాడను విరగ్గొట్టకూడదు, ఆ పూకాడ మీదనే మళ్లీ పూలు వస్తాయి. రెండు రోజులకు ఒకసారి కోస్తూ ఉంటే తీగ కాస్తూనే ఉంటుంది.

కాయ రంగు మారి మెత్తబడినా గింజ ఇంకా పచ్చిగా ఉండే దశ ఒకటుంది. అమెరికా దక్షిణాన ఈ పంటను ఎక్కువగా ఆ దశలోనే ఒలుచుకు తింటారు. ఇక్కడ దానిని ఉప్పేసి ఉడికించి, ఎండుమిరపకాయ తాలింపు పెట్టి గుగ్గిళ్లు చేస్తే ఎండు గింజకు రాని తీపి వస్తుంది. అంగట్లో దొరకని ఈ రుచి కోసమైనా పెరట్లో నాలుగు తీగలు పెంచుకోవచ్చు. నాటుకోడి కూర పక్కన పెట్టుకునే అలసంద వడలకు మాత్రం బాగా ఎండిన గింజే కావాలి.

ఎండు కాయలు ఒక్కసారే సిద్ధం కావు. ఎండిన వాటిని ఎండినట్టే, పొద్దున మంచు తడి ఆరకముందే కోసుకోవాలి, మధ్యాహ్నం ముట్టుకుంటే కాయ చిట్లి గింజ నేల పాలవుతుంది. నీడలో రెండు రోజులు, ఎండలో రెండు మూడు రోజులు ఆరబోసి, గోనెసంచిలో వేసి కట్టెతో కొట్టి చాటలో చెరిగితే గింజ తేలుతుంది.

విత్తనం దాచుకోవడం

తిన్నన్ని తిని మిగిలినవి విత్తనానికి ఉంచడం తప్పుడు పద్ధతి. అలా చేస్తే ఆలస్యంగా, బలహీనంగా కాసిన మొక్కల సంతానమే ఏటేటా మిగులుతుంది. పూత సమయానికే తెగులు లేని, గుత్తికి కాయలు నిండుగా పట్టిన మొక్కలకు రంగు దారం కట్టి, వాటి తొలి కాయలను ముట్టుకోకుండా విత్తనానికి వదలాలి. వీలైతే కనీసం 20 మొక్కల నుంచి కలిపి తీసుకోవడం మంచిది. అలసంద పువ్వు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికే ముడుచుకుంటుంది, చాలావరకు తన పుప్పొడితోనే ఫలదీకరణ జరుపుకుంటుంది. అందువల్ల రెండు రకాలను పెరటి రెండు కొసల్లో వేసుకున్నా అవి అంతగా కలవవు. తేనెటీగలు, తుమ్మెదలు ఎక్కువగా తిరిగే చోట అక్కడక్కడ ఒక గింజ మారవచ్చు, తరువాతి ఏడాది రంగు తేడాగా ఉన్న గింజలను ఏరేస్తే సరి.

దాచిన గింజను తొలిచే పెంకు పురుగు చాలావరకు మొదట చేను నుంచే వస్తుంది. ఎండుతున్న కాయల మీద అది గుడ్లు పెడుతుంది, మనం వాటిని తెలియకుండానే కుండలోకి చేరుస్తాం. గింజ మీద ఆవగింజలో సగం కూడా లేని తెల్లని చుక్క అతుక్కుని ఉంటే అది గుడ్డు, సూదితో కాదు పెన్సిలు మొనతో పొడిచినట్టు గుండ్రని రంధ్రం కనబడితే పురుగు అప్పటికే బయటపడిందన్న మాట. పంటి కింద పెడితే నొక్కు పడకుండా టక్కున పగిలేదాకా గింజను ఎండబెట్టి, ఆ తరువాత నల్ల గుడ్డ మీద పలచగా పరిచి, పైన పారదర్శక పాలిథీన్ కాగితం కప్పి, అంచులు మట్టితో మూసి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉంచాలి. కాగితం కింద 57 డిగ్రీల వేడి ఒక గంట నిలిస్తే గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా చస్తాయి, బాగా ఎండిన గింజ మొలక శక్తికి మాత్రం హాని ఉండదు. తడి గింజను ఇలా చేస్తే మొలక చెడిపోతుంది. ఎండ చాలని రోజుల్లో గింజలను గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో మూడు రోజులు ఉంచి, డబ్బా బయటి వేడికి వచ్చాకనే మూత తీయాలి.

చల్లారిన గింజకు కిలోకు 5 మిల్లీలీటర్ల ఆముదం పట్టించి, గాలి చొరని సీసాలో నిండుగా పోసి మూత బిగించాలి. కుండే వాడాలనుకునేవారు జల్లించిన బూడిదను గింజతో సమంగా కలిపి, పైన రెండంగుళాల మందాన బూడిద పరచాలి. సీసా మీద రకం, కార్తె, తెచ్చిన ఊరు, ఏడాది రాసి అతికించాలి.

గింజ కోసిన తరువాత మొక్కను వేళ్లతో పీకకుండా నేల మట్టానికి కోసి, వేరును మట్టిలోనే వదిలేయాలి. వేళ్ల మీద బుడిపెలకు బదులు ఉబ్బి మెలితిరిగిన ముడులు కనబడితే అవి నులిపురుగులవి కనుక ఆ మొక్కలను మాత్రం వేళ్లతో సహా తీసి కాల్చేయాలి. ఆ మడిలో టమాటా, వంకాయ, మళ్లీ అలసంద వేయకుండా ఒకటి రెండు పంటకాలాలు సజ్జ, జొన్న వంటివి వేసుకోవాలి. ముడులు లేని మడిలో అయితే వెంటనే గోంగూరో, మెంతికూరో చల్లుకోవచ్చు, దానికి వేరే ఎరువు కూడా అక్కరలేదు.